వ్యవసాయ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులలో పాస్‌వర్డులు, అమరికల నిర్వహణ: పల్నాడు ప్రాంత విస్తరణ అవసరాల దృష్ట్యా ఒక వివరణ

సారాంశం

పంట సలహాలు, చీడపీడల నిఘా, వాతావరణ నమోదు, నేల తేమ పరిశీలన వంటి పనులకు పరిశోధన స్థానాలలోను, వ్యవసాయ కళాశాలలలోను చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు రూపొందుతున్నాయి. వీటిని ఎక్కువగా వ్యవసాయ శాస్త్ర విద్యార్థులు, పరిశోధన సహాయకులే నిర్మిస్తున్నారు. ప్రోగ్రాము తర్కంపై చూపే శ్రద్ధ, అది ఉపయోగించే పాస్‌వర్డులపై, తాళపు సంకేతాలపై, అమరికలపై చూపడం అరుదు. ఫలితంగా రైతుల వివరాలు బయటపడడం, తప్పుడు మోతాదుతో సలహాలు వెళ్లడం, విద్యార్థి చదువు ముగించుకొని వెళ్లగానే దత్తాంశం అందుబాటులో లేకపోవడం అనే మూడు రకాల నష్టాలకు అవకాశం ఏర్పడుతున్నది. రహస్యాన్ని అమరిక నుండి, అమరికను ప్రోగ్రాము నుండి వేరు చేసే పద్ధతులను, వాటి వెనుక ఉన్న కారణాలను ఈ వ్యాసం పల్నాడు ప్రాంత ఉదాహరణతో వివరిస్తుంది.

కీలక పదాలు: పాస్‌వర్డు, అమరికలు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, గిట్ చరిత్ర, సలహా సందేశాలు, దత్తాంశ భద్రత, పల్నాడు.

1. ఉపోద్ఘాతం

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో సాగు పరిస్థితులు ఒకే తీరుగా ఉండవు. నాగార్జునసాగర్ కుడికాలువ, అనగా జవహర్ కాలువ నీరందే ఆయకట్టు ఒకవైపు, వర్షాధారపు మెట్ట భూములు మరొకవైపు ఉన్నాయి. మిరప, పత్తి ఇక్కడి రైతు ఆదాయానికి మూలం. మాచర్లలో ఇచ్చిన సలహా నరసరావుపేటకు అన్నివేళలా సరిపోదు. 2021-22లో త్రిప్స్ పార్విస్పైనస్ అనే నల్ల తామరపురుగు మిరప తోటలను దెబ్బతీసినప్పుడు, సరైన సమాచారం సకాలంలో అందడం ఎంత అవసరమో అందరికీ తెలిసివచ్చింది. పొలం నుండి పరిశీలనలు ఫోను ద్వారా రావడం, వాటిని ప్రోగ్రాము విశ్లేషించడం, మండలాల వారీగా రైతులకు సంక్షిప్త సందేశాలు వెళ్లడం అనే మార్గం ఆ అవసరం నుండే బలపడుతున్నది.

ఈ మార్గంలో ప్రతి మలుపు వద్ద ఒక తాళం ఉంటుంది. దత్తాంశ నిధికి ఒక పాస్‌వర్డు, వాతావరణ సమాచార సేవకు ఒక సంకేతం, సందేశాలు పంపే సేవకు మరొక సంకేతం, పొలంలోని సెన్సారుకు ఇంకొకటి అవసరమవుతాయి. ఒక స్నాతకోత్తర విద్యార్థి రాసిన రెండు వందల పంక్తుల ప్రోగ్రాములో సైతం నాలుగైదు తాళాలు ఉండడం సాధారణం. ఆ తాళాలు ఎక్కడ ఉన్నాయి, ఎవరి వద్ద ఉన్నాయి, ఎవరు వెళ్లిపోతే ఏమవుతుంది అనే ప్రశ్నలు ప్రాజెక్టు ప్రతిపాదనలో గాని, వార్షిక నివేదికలో గాని సాధారణంగా కనిపించవు.

2. మూడు రకాల విలువలు

ప్రోగ్రాము ఉపయోగించే విలువలను మూడు తరగతులుగా విభజించడం నిర్వహణకు మొదటి మెట్టు.

మొదటి తరగతి శాస్త్రీయ విలువలు. పత్తిలో గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగులు వరుసగా 3 రోజులు పడితే చర్య తీసుకోవాలనే ఆర్థిక నష్టపరిమితి స్థాయి ఇటువంటిది. ఉష్ణ ప్రమాణాల లెక్కలో పత్తికి 15.5 డిగ్రీల సెల్సియస్‌ను ఆధార ఉష్ణోగ్రతగా తీసుకోవడమూ ఇటువంటిదే. ఇవి రహస్యాలు కావు, వీటిని దాచకూడదు. ఏ విలువను, ఏ తేదీ నుండి, ఏ సిఫారసు ఆధారంగా వాడారో రాసి ఉంచకపోతే ఆ ఫలితాన్ని మరొకరు తిరిగి రాబట్టలేరు.

రెండవ తరగతి పరిసర అమరికలు. దత్తాంశ నిధి ఏ యంత్రంలో ఉన్నది, నివేదికలు ఏ ఫోల్డరులో చేరాలి, ఇది ప్రయోగ దశా లేక రైతులకు నిజంగా సందేశాలు వెళ్లే దశా అనేవి ఈ కోవకు చెందుతాయి. ప్రోగ్రాము ఒకటే అయినా, అది నడిచే చోటును బట్టి ఇవి మారుతాయి.

మూడవ తరగతి రహస్యాలు. పాస్‌వర్డులు, సేవా సంకేతాలు, ధ్రువీకరణ పత్రాల ప్రైవేటు తాళాలు ఇందులోకి వస్తాయి. వీటిని పొందినవారు యజమానిగా చెలామణి కాగలరు.

కాలువ వ్యవస్థ తెలిసినవారికి ఈ విభజన కొత్తది కాదు. ఏ మేజరు కింద ఎన్ని ఎకరాలు ఉన్నాయి, ఏ తూము ఎక్కడ ఉన్నది అనే పటం అందరికీ తెలియవచ్చు, తెలియాలి కూడా. వంతుల పట్టిక ఋతువును బట్టి మారుతుంది. తూము తాళంచెవి మాత్రం లస్కరు వద్దనే ఉంటుంది. పటాన్ని దాచిపెట్టి తాళంచెవిని తూముకే వేలాడదీయడం ఎంత విడ్డూరమో, ప్రోగ్రామును ఎవరికీ చూపకుండా దాచి పాస్‌వర్డును అందులోనే రాసి ఉంచడం అంతే విడ్డూరం. 1883లో ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ అనే భాషావేత్త సైనిక సంకేత లిపుల గురించి చెప్పిన నియమం ఇదే. వ్యవస్థ మొత్తం శత్రువుకు తెలిసినా, తాళం ఒక్కటి తెలియనంత వరకు అది సురక్షితంగా ఉండాలన్నది ఆ నియమ సారాంశం.

దీని నుండి విద్యార్థులకు ఉపయోగపడే ఒక పరీక్ష లభిస్తుంది. ప్రోగ్రామును ఈ క్షణమే యథాతథంగా అందరి ముందు ఉంచితే ఏ తాళమైనా బయటపడుతుందా? బయటపడుతుందనే సమాధానం వస్తే రహస్యాలు ఇంకా ప్రోగ్రాములోనే ఉన్నాయని అర్థం. సాఫ్ట్‌వేర్ సేవల నిర్మాణానికి హెరోకు సంస్థవారు 2011 ప్రాంతంలో రూపొందించిన ‘పన్నెండు సూత్రాల’ పద్ధతిలో అమరికల సూత్రానికి ఇచ్చిన కొలబద్ద కూడా ఇదే.

3. ఒక ఊహా ప్రాజెక్టు

వివరణ కోసం ఒక ప్రాజెక్టును ఊహించవచ్చు. మాచర్ల, గురజాల, నరసరావుపేట పరిసరాలలోని పత్తి, మిరప పొలాలలో బుట్టల లెక్కలను క్షేత్ర సహాయకులు ఫోను యాప్‌లో నమోదు చేస్తారు. మూడు చోట్ల నేల తేమ సెన్సార్లు ఉన్నాయి. ఒక ప్రోగ్రాము రోజూ ఉదయం వాతావరణ సమాచారాన్ని తెచ్చుకొని, పురుగు ఉధృతిని అంచనా వేసి, నమోదైన రైతులకు సలహా సందేశం పంపుతుంది. దత్తాంశ నిధిలో రైతు పేరు, ఫోను నంబరు, గ్రామం, సర్వే నంబరు, సాగు విస్తీర్ణం ఉంటాయి.

ఇందులోని తాళాలలో అన్నింటికంటే ప్రమాదకరమైనది ఏది అని అడిగితే చాలామంది దత్తాంశ నిధి పాస్‌వర్డు అని చెబుతారు. నిజానికి సందేశాలు పంపే సేవ సంకేతం అంతకంటే తక్కువది కాదు. భారత టెలికాం నియంత్రణ సంస్థ 2018 నిబంధనల ప్రకారం సంస్థలు తమ పంపకపు పేరును, సందేశ నమూనాను ముందుగా నమోదు చేయించుకోవాలి. ఇది మంచి రక్షణే. అయితే సలహా సందేశపు నమూనాలో మందు పేరు, మోతాదు, తేదీ వంటి చోట్లు ఖాళీగా ఉంచక తప్పదు. సంకేతం పరుల చేతిలో పడితే ఆ ఖాళీలను వారే నింపగలరు. రైతు ఫోనులో కనిపించేది మాత్రం తాను నమ్మే సంస్థ పేరే. పాస్‌వర్డు పోవడమంటే కంప్యూటరు విభాగపు సమస్యగా భావించేవారు ఈ ఒక్క సందర్భాన్ని ఊహిస్తే చాలు. అక్కడ పోయేది ఏళ్ల తరబడి విస్తరణ సిబ్బంది సంపాదించుకొన్న నమ్మకం.

4. రహస్యాలు బయటపడే దారులు

4.1 ప్రోగ్రాములో నేరుగా రాయడం. అనుభవం లేని ప్రోగ్రామరు మొదట చేసే పని ఇదే. పని త్వరగా జరుగుతుంది, తరువాత తీసివేద్దామనుకొంటారు. ఆ ఫైలు సహాధ్యాయికి, అతని నుండి జూనియరుకు చేరుతుంది. ఫైలుతోపాటు పాస్‌వర్డు కూడా ప్రయాణిస్తుంది.

4.2 గిట్ చరిత్ర. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్, ప్రోగ్రాము మార్పులన్నింటినీ భద్రపరుస్తుంది. ఈ గుణమే ఇక్కడ ప్రమాదానికి కారణం. సోమవారం పాస్‌వర్డుతో సహా ఫైలును చేర్చి, మంగళవారం ఆ పంక్తిని తొలగించినా, సోమవారపు ప్రతి చరిత్రలో అలాగే నిలిచి ఉంటుంది. 2019లో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గిట్‌హబ్‌లోని బహిరంగ భాండారాలను పరిశీలించి, లక్షకు పైగా భాండారాలలో రహస్యాలు బయటపడి ఉన్నాయని, ప్రతిరోజూ వేల సంఖ్యలో కొత్తవి చేరుతున్నాయని ప్రకటించారు.

భాండారాన్ని ప్రైవేటుగా ఉంచితే సరిపోతుందనే భావన కూడా నిలవదు. 2016లో ఉబర్ సంస్థకు చెందిన ప్రైవేటు గిట్‌హబ్ భాండారంలోకి ప్రవేశించినవారు, అందులో దొరికిన సంకేతాలతోనే సుమారు 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలను చేజిక్కించుకొన్నారు. టొయోటా ఉదంతం మరొక కోణాన్ని చూపుతుంది. ఉపగుత్తేదారు ఒకరు ప్రోగ్రాములో కొంత భాగాన్ని పొరపాటున బహిరంగ భాండారంలో ఉంచగా, అందులోని సంకేతం 2017 డిసెంబరు నుండి 2022 సెప్టెంబరు వరకు, అనగా దాదాపు ఐదేళ్లు, ఎవరి దృష్టికీ రాలేదు. 2,96,019 మంది వినియోగదారుల ఈమెయిల్ చిరునామాలు బయటపడి ఉండవచ్చని ఆ సంస్థ ప్రకటించవలసి వచ్చింది. ప్రోగ్రాము నిర్మాణాన్ని బయటివారికి అప్పగించే పరిశోధన స్థానాలు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోదగినది.

4.3 నోట్‌బుక్కులు, సెషన్ ఫైళ్లు. పైథాన్ వాడేవారు జూపిటర్ నోట్‌బుక్‌లో ఒక విలువను ఒకసారి తెరపై చూసుకొంటే, ఆ ఫలితం నోట్‌బుక్ ఫైలులోనే నిలిచిపోతుంది. ఆర్ భాషలో ఇచ్చిన ఆదేశాల చరిత్ర, సెషన్‌లోని వస్తువులు విడి ఫైళ్లుగా భద్రమవుతాయి. ప్రోగ్రాములో పాస్‌వర్డు లేకపోయినా ఈ ఫైళ్లలో ఉండవచ్చు.

4.4 సిద్ధాంత గ్రంథపు అనుబంధం. వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు కృషికోశ్ వంటి భాండారాలలో అందరికీ అందుబాటులోకి వస్తాయి. అనుబంధంలో ప్రోగ్రామును యథాతథంగా ముద్రిస్తే అందులోని సంకేతం కూడా శాశ్వతంగా ప్రచురితమైనట్లే. గ్రంథాన్ని సమర్పించే ముందు మార్గదర్శకుడు చూడవలసిన అంశాలలో ఇది ఒకటి కావాలి.

4.5 ఫోను యాప్. ఆండ్రాయిడ్ యాప్ ఫైలును విప్పి అందులోని పదాలను చదవడం కష్టమైన పని కాదు. అందువల్ల యాప్‌లో ఉంచిన ఏ సంకేతమూ రహస్యం కాదు. సందేశాలు పంపే సేవ సంకేతం ఎల్లప్పుడూ సర్వరులోనే ఉండాలి. యాప్ సర్వరును అభ్యర్థించాలి, సర్వరు సేవను అభ్యర్థించాలి.

4.6 పొలంలోని పరికరం. సెన్సారు బోర్డు జ్ఞాపకశక్తిలో వైఫై పాస్‌వర్డు, సర్వరు సంకేతం ఉంటాయి. పొలం గట్టున ఉన్న పరికరం చోరీకి గురైతే, తగిన ఎన్‌క్రిప్షన్ లేనప్పుడు వాటిని చదివివేయవచ్చు. అన్ని పరికరాలకూ ఒకే సంకేతం ఇచ్చి ఉంటే ఒక్క దొంగతనంతో వ్యవస్థ అంతా తెరుచుకొంటుంది. తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డును మార్చకపోవడం మరొక లోపం. 2016లో వ్యాపించిన మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము, ఇటువంటి అరవైకి పైగా పేరు-పాస్‌వర్డు జంటలను ప్రయత్నించి, లక్షల కెమెరాలను, రౌటర్లను వశపరచుకొన్నది.

4.7 వాట్సాప్ బృందం, గోడపై కాగితం. క్షేత్రస్థాయిలో అత్యంత సాధారణమైన దారి ఇదే. పదిమంది సిబ్బంది ఒకే లాగిన్ వాడడం, దానిని బృందంలో పంపుకోవడం వల్ల తప్పుడు నమోదు ఎవరు చేశారో తేల్చడం అసాధ్యమవుతుంది. ఇది భద్రతకే గాక దత్తాంశ నాణ్యతకు కూడా లోటు.

5. నిర్వహణ పద్ధతులు

5.1 విలువను బయట ఉంచడం. రహస్యాన్ని ప్రోగ్రాము నుండి తీసివేసి, ప్రోగ్రాము నడిచే పరిసరం నుండి పేరు ద్వారా తెచ్చుకోవాలి. దీనికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనేది సరళమైన సాధనం. ఆర్ భాషలో డాట్ ఆర్‌ఎన్విరాన్ అనే ఫైలు, పైథాన్ ప్రాజెక్టులలో డాట్ ఎన్వ్ అనే ఫైలు ఇందుకు ఉపయోగపడతాయి. ప్రోగ్రాములో ఉండేది ‘సందేశ సేవ సంకేతం’ అనే పేరు మాత్రమే. విలువ ఆ ఫైలులో ఉంటుంది. ఆ ఫైలు గిట్‌లోకి వెళ్లకుండా డాట్ గిట్‌ఇగ్నోర్‌లో దాని పేరు చేర్చాలి. ఈ పని ప్రాజెక్టు మొదటి రోజునే జరగాలి; ఒకసారి చేరిన ఫైలును తరువాత ఆ జాబితాలో రాసినంత మాత్రాన చరిత్ర నుండి అది పోదు.

దీనితోపాటు, పేర్లు మాత్రమే ఉండి విలువలు లేని ఒక నమూనా ఫైలును భాండారంలో ఉంచాలి. కొత్తగా చేరిన విద్యార్థికి ఏయే తాళాలు కావాలో అది చెబుతుంది; తాళాలను మాత్రం ఇవ్వదు.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు పరిమితులు లేకపోలేదు. ప్రోగ్రాము విఫలమైనప్పుడు తయారయ్యే నివేదికలో పరిసర విలువలన్నీ ముద్రితం కావచ్చు. ఫైలును ఆ యంత్రంలోని ఇతరులు చదవగలిగి ఉండవచ్చు. అందువల్ల ఆ ఫైలును యజమాని మాత్రమే చదివేలా అనుమతులు పెట్టాలి. ప్రాజెక్టు పెద్దదైతే వాల్ట్ వంటి రహస్య నిర్వహణ వ్యవస్థలు అవసరమవుతాయి. నలుగురైదుగురు ఉన్న బృందానికి కీపాస్, బిట్‌వార్డెన్ వంటి పాస్‌వర్డు నిర్వాహకం చాలు.

5.2 అవసరమైనంత అధికారమే. సలహా తయారుచేసే ప్రోగ్రాముకు రైతుల పట్టికను చదివే అధికారం చాలు. మార్చే అధికారం అక్కరలేదు. విశ్లేషణ చేసే విద్యార్థికి ఫోను నంబర్లు లేని పట్టిక చాలు. సెన్సారుకు తన కొలతను పంపే అధికారం మాత్రమే ఉండాలి. పరికరానికొక సంకేతం ఉంటే, చోరీ అయిన దానిని రద్దు చేసి మిగిలినవాటిని కొనసాగించవచ్చు. తాళం పోదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పోయినప్పుడు ఎన్ని తలుపులు తెరుచుకొంటాయో ముందుగా నిర్ణయించడం మాత్రం సాధ్యమే.

5.3 మనుషుల పాస్‌వర్డులు, యంత్రాల సంకేతాలు. ఈ రెండింటికీ ఒకే నియమం వర్తించదు. ప్రతి మూడు నెలలకు పాస్‌వర్డు మార్చాలనే పాత నియమాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 మార్గదర్శకాలలో విరమించుకొన్నది. తరచు మార్చమంటే మనుషులు పాతదాని చివర ఒక అంకె పెంచి సరిపెట్టుకొంటారన్నది దీనికి కారణం. పొడవైన పాస్‌వర్డు, బయటపడిందనే ఆధారం ఉన్నప్పుడు మార్పు, వీలైన చోట రెండవ ధ్రువీకరణ అనేవి దాని స్థానంలో వచ్చాయి. యంత్రాలు వాడే సంకేతాలను గుర్తుపెట్టుకోవలసిన పని లేదు కనుక వాటిని నిర్ణీత గడువులో మార్చడం మేలు. ఏటా ఖరీఫ్‌కు ముందు ఈ మార్పిడి జరిపితే, పంటకాలం మధ్యలో సలహాలు ఆగిపోయే ఇబ్బంది కూడా ఉండదు.

5.4 వాడుకదారుల పాస్‌వర్డులను భద్రపరచడం. యాప్‌లో లాగిన్ అయ్యే క్షేత్ర సహాయకుల పాస్‌వర్డులను దత్తాంశ నిధిలో యథాతథంగా దాచరాదు. వాటిని తిరిగి రాబట్టలేని రూపంలోకి మార్చి, ఒక్కొక్కదానికి వేర్వేరు యాదృచ్ఛిక చేర్పుతో భద్రపరచాలి. బీక్రిప్ట్, ఆర్గాన్2 అనే పద్ధతులు ఇందుకే ఉన్నాయి. యథాతథంగా దాచడంలోని ప్రమాదం చాలా పాతది. 1960ల మధ్యకాలంలో అమెరికాలోని ఎంఐటీలో నడిచిన సీటీఎస్ఎస్ కంప్యూటరులో, ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి రెండు ఫైళ్లను సవరిస్తుండగా తాత్కాలిక ఫైళ్ల పేర్లు ఒకటే కావడంతో అవి తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివారికీ ఆనాటి సందేశానికి బదులు అందరి పాస్‌వర్డుల జాబితా కనిపించింది. ఈ ఉదంతాన్ని ఆ వ్యవస్థ రూపకర్త ఫెర్నాండో కోర్బాటో తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో వివరించారు. అక్కడ ఎవరి దురుద్దేశమూ లేదు. జరిగింది ఫైలు అమరికలో ఒక చిన్న పొరపాటు.

6. అమరికల పొరపాట్లు: రహస్యం కాకపోయినా ప్రమాదమే

పాస్‌వర్డు బయటపడితే పరాయివాడు హాని చేస్తాడు. అమరిక తప్పితే సొంత ప్రోగ్రామే హాని చేస్తుంది.

మొదటిది కొలమానం. ఒక హెక్టారు సుమారు 2.47 ఎకరాలు. పరిశోధన పత్రాలు హెక్టారులో, రైతు ఎకరాలో మాట్లాడతారు. అమరికల ఫైలులో ‘మోతాదు’ అని మాత్రమే రాసి ఉంటే, హెక్టారు విలువ ఎకరా సందేశంలోకి వెళ్లి, మోతాదు దాదాపు రెండున్నర రెట్లవుతుంది. నివారణ సులభం: అమరిక పేరులోనే కొలమానం ఉండాలి. ‘మోతాదు’ అని కాక ‘ఎకరాకు మోతాదు, గ్రాములలో’ అని పేరు పెడితే చదివినవారు ఆగి ఆలోచిస్తారు.

రెండవది స్థలం. నరసరావుపేట సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఈ రెండు అంకెలు తారుమారైతే ఆ బిందువు ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవులలో పడుతుంది. వాతావరణ సేవ తప్పు అని చెప్పదు. అక్కడి ఉష్ణోగ్రతనే విధేయంగా పంపుతుంది. ఉష్ణ ప్రమాణాలు సున్నాగా లెక్కకు వచ్చి, పురుగు ఉధృతి లేదని సలహా వెళ్తుంది.

మూడవది దశ. ప్రయోగ దశలో ఉన్న ప్రోగ్రాము నిజమైన రైతుల జాబితాను వాడితే, పరీక్ష కోసం రాసిన సందేశం రైతుల ఫోన్లకు చేరుతుంది. ప్రయోగ దశకు వేరే దత్తాంశ నిధి, వేరే సంకేతం ఉండాలి. ఏదీ పేర్కొననప్పుడు ప్రోగ్రాము ప్రయోగ దశలోనే నడవాలి గాని, నిజమైన దశలో నడవరాదు.

నాలుగవది, అన్ని యంత్రాలలో ఒకే అమరిక లేకపోవడం. 2012లో అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ ఎనిమిది సర్వర్లలో ఏడింటిలోనే కొత్త ప్రోగ్రామును ఉంచింది. మిగిలిన ఒక్కదానిలో, పూర్వం మరొక పనికి వాడిన ఒక మీట కొత్త అర్థంతో తెరుచుకొని పాత ప్రోగ్రామును మేల్కొలిపింది. సుమారు 45 నిమిషాలలో ఆ సంస్థ 44 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. మూడు సెన్సార్లలో రెండింటినే నవీకరించి మరచిన సందర్భానికి, దీనికి పరిమాణంలోనే తేడా.

ఈ నాలుగింటికీ సాధారణ నివారణ ఒకటి ఉన్నది. ప్రోగ్రాము ప్రారంభం కాగానే మొదట తన అమరికలను తానే తనిఖీ చేసుకోవాలి. అక్షాంశం, రేఖాంశం జిల్లా పరిధిలో ఉన్నాయా, మోతాదు లేబులుపై ఉన్న గరిష్ఠ పరిమితి లోపల ఉన్నదా, కావలసిన సంకేతాలన్నీ ఉన్నాయా అని చూసి, ఏ ఒక్కటి లోపించినా కారణం చెప్పి ఆగిపోవాలి. లేని విలువకు ఏదో ఒకటి ఊహించుకొని ముందుకు సాగే ప్రోగ్రాము కంటే, ఉదయమే ఆగిపోయి నిర్వాహకుని పిలిచే ప్రోగ్రాము రైతుకు మేలు చేస్తుంది. శాస్త్రీయ విలువల ఫైలు గిట్‌లోనే ఉండాలి. ప్రతి మార్పును మరొక శాస్త్రవేత్త చదివి ఆమోదించాలి.

7. అప్పగింత

స్నాతకోత్తర విద్యార్థి రెండేళ్లు, పరిశోధక విద్యార్థి మూడు నాలుగేళ్లు ఉంటారు. ప్రాజెక్టు ఉద్యోగుల కాలం ఇంకా తక్కువ. శాస్త్రవేత్తలకు బదిలీలు ఉంటాయి. ఖాతాలు వ్యక్తిగత ఈమెయిలుపై తెరిచి ఉంటే, ఆ వ్యక్తి వెళ్లిన తరువాత రెండు వ్యతిరేక ప్రమాదాలు ఎదురవుతాయి. ఒకటి, అతనికి ఇంకా ప్రవేశం ఉండిపోవడం. రెండవది, మిగిలినవారికి ప్రవేశం లేకపోవడం. రెండవదే ఎక్కువగా జరుగుతుంది. సెన్సారు చందా గడువు ముగిసిందనే హెచ్చరిక ఎవరూ చూడని ఈమెయిలుకు చేరుతుంది. ఒక పంటకాలపు కొలతలు తప్పిపోతాయి. ఎరువు వేయని మడికి మరుసటి ఏడు ఎరువు వేయవచ్చు గాని, తప్పిపోయిన వాననాటి కొలతను ఎవరూ తిరిగి తేలేరు.

అందువల్ల ఖాతాలు పదవి పేరుపై, సంస్థ ఈమెయిలుపై ఉండాలి. ప్రతి తాళానికి ఇద్దరు బాధ్యులు ఉండాలి. పాస్‌వర్డు నిర్వాహకపు ప్రధాన పాస్‌వర్డును కాగితంపై రాసి, ముద్ర వేసిన కవరులో కార్యాలయ బీరువాలో ఉంచడం తప్పు కాదు. గోడకు అతికించడమే తప్పు. విద్యార్థికి ఇచ్చే నో-డ్యూస్ పత్రంలో గ్రంథాలయం, ప్రయోగశాల వరుసల తరువాత ‘ప్రాజెక్టు ఖాతాలు అప్పగించబడినవి, సంకేతాలు మార్చబడినవి’ అనే మరొక వరుస చేర్చితే ఈ పని దానంతట అదే జరుగుతుంది.

8. బయటపడినప్పుడు చేయవలసినది

ఇక్కడ క్రమం ముఖ్యం. మొదట ఆ సంకేతాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. చాలామంది ముందుగా ఫైలును తొలగించడానికి, గిట్ చరిత్రను శుభ్రపరచడానికి పూనుకొంటారు. ఆ పని జరిగేలోగా ప్రతులు ఎందరి వద్దకు చేరాయో తెలియదు కనుక, రద్దు చేయనంత వరకు ఏ శుభ్రతా రక్షణ కాదు. రెండవది, ఆ సంకేతంతో ఎప్పుడు, ఎక్కడి నుండి ప్రవేశం జరిగిందో సేవా నమోదులలో పరిశీలించాలి. మూడవది చరిత్రను శుభ్రపరచడం. నాలుగవది, పై అధికారికి, అవసరమైతే రైతులకు తెలియజేయడం. తప్పుడు సందేశం వెళ్లినట్లు తేలితే సవరణ సందేశంతోపాటు క్షేత్ర సిబ్బంది స్వయంగా గ్రామాలకు వెళ్లి చెప్పవలసి ఉంటుంది.

భారత కంప్యూటర్ అత్యవసర స్పందన సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం, నిర్దేశిత సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటలలోగా నివేదించాలి. నమోదులను 180 రోజులు భద్రపరచాలి. విద్యార్థి భయంతో దాచిపెడితే ఈ గడువు గడిచిపోతుంది. పొరపాటును వెంటనే చెప్పినవారిని శిక్షించని వాతావరణం ప్రయోగశాలలో ఉండడం కూడా భద్రతలో భాగమే.

9. చట్టపరమైన బాధ్యత

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం, వ్యక్తిగత వివరాలు సేకరించినవారు సహేతుకమైన భద్రతా చర్యలు తీసుకోవాలని నిర్దేశిస్తుంది. ఆ బాధ్యతలో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు అవకాశం ఉన్నది. దీని నియమావళి 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలులోకి వస్తున్నది. పరిశోధన, గణాంక అవసరాలకు చట్టంలో మినహాయింపు ఉన్నది. అయితే ఒక నిర్దిష్ట వ్యక్తికి సంబంధించిన నిర్ణయం తీసుకోని సందర్భాలకే అది పరిమితం. పేరు పెట్టి ఒక రైతుకు పంపే సలహా ఆ మినహాయింపు కిందికి వస్తుందని భావించడం సురక్షితం కాదు. రైతుల వివరాలు బయటపడడం ఊహామాత్రం కూడా కాదు. పీఎం-కిసాన్ వెబ్‌సైటులోని ఒక భాగం ద్వారా రైతుల ఆధార్ సంఖ్యలు బయటపడుతున్నట్లు ఒక భద్రతా పరిశోధకుడు గుర్తించినట్లు, ఆ లోపాన్ని తరువాత సరిచేసినట్లు 2022లో వార్తలు వెలువడ్డాయి.

10. ముగింపు

ఈ పద్ధతులలో ఖర్చుతో కూడినవి చాలా తక్కువ. ప్రాజెక్టు మొదటి రోజున రహస్యాల ఫైలును వేరు చేయడం, విలువలు లేని నమూనా ఫైలును ఉంచడం, అమరికల పేర్లలో కొలమానాన్ని చేర్చడం, ప్రారంభంలోనే తనిఖీ, ప్రతి తాళానికి ఇద్దరు బాధ్యులు, ఖరీఫ్‌కు ముందు సంకేతాల మార్పిడి అనే ఆరు పనులు ఏ విద్యార్థి ప్రాజెక్టులోనైనా సాధ్యమే. విత్తనానికి మొలక శాతం చూడకుండా విత్తమని ఏ విస్తరణ శాస్త్రవేత్త చెప్పడు. రైతు ఫోను నంబరును నమోదు చేసుకొనే ముందు ఆ నంబరు ఏ తాళం కింద ఉంటుందో, ఆ తాళం ఎవరి వద్ద ఉంటుందో అడగడం అదే కోవకు చెందిన జాగ్రత్త. గురజాల రైతు తన వివరాలను ఇచ్చేది ప్రోగ్రామును చూసి కాదు, అడిగిన మనిషిని చూసి. ఆ వివరాలను కాపాడే బాధ్యత కూడా అడిగిన వారిదే.